మీకు తెలుసా? జట్టుకి పేరు పెట్టే పని పిల్లలదే!

ఐపీఎల్ మొదలైతే చాలు, రఫ్ నోటు వెనక పేజీల్లో కొత్త జట్లు పుట్టుకొస్తాయి. కోహ్లీ నాకంటే బుమ్రా నాకని పంచుకుని పదకొండు పేర్లు రాసుకోవడం, నిజం మ్యాచ్‌లో వాళ్ళు కొట్టిన పరుగులకీ తీసిన వికెట్లకీ పాయింట్లు వేసుకోవడం. ఫాంటసీ ఆట అంటే ఇంతే. ఇందులో పిల్లలకి అన్నిటికంటే సరదా అయిన పని జట్టుకి పేరు పెట్టి, లోగో గీయడం. మనమేమో "వారియర్స్ అని రాసెయ్, లోగో నెట్‌లో దొరుకుతుంది" అని రెండు నిమిషాల్లో తేల్చేస్తాం. అలా తేల్చెయ్యకండి. ఊరి సంగతులు, రంగులు, లెక్కలు, నలుగురితో కలిసి నిర్ణయించుకోవడం, అన్నీ ఈ ఒక్క పనిలో పిల్లల చేతికి అందుతాయి. పేరూ బొమ్మా వాళ్ళవే కావాలి. ప్రపంచంలో పెద్ద పెద్ద జట్లకి పేర్లూ లోగోలూ ఎలా వచ్చాయో తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో మీకే అర్థమవుతుంది.

1. ఫాంటసీ ఆట వయసు అరవై ఏళ్ళ పైమాటే

ఇది మొబైల్‌తో పుట్టిన ఆట అనుకుంటాం. అమెరికాలో ఓక్లాండ్ రైడర్స్ అనే ఫుట్‌బాల్ జట్టులో చిన్న వాటా ఉన్న బిల్ వింకెన్‌బాక్ 1962లో మిత్రులతో కూర్చుని ఈ ఆటకి నియమాలు రాశారు. మరుసటి ఏడాది ఓక్లాండ్‌లో ఆయన ఇంట్లోనే ఆటగాళ్ళను పంచుకున్నారు. అప్పట్లో యాప్‌లు లేవు. పేపర్లో వచ్చిన స్కోర్లు చూసి, చేత్తో లెక్కలు కట్టుకునేవారు. అంటే ఈ ఆటకి కాగితం, పెన్సిలు ఉంటే చాలు. పిల్లలతో ఆడేటప్పుడు ఆ పద్ధతే మేలు.

2. మొదటి జట్ల పేర్లు యజమానుల పేర్లలోంచే వచ్చాయి

1980లో న్యూయార్క్‌లో డేనియల్ ఓక్రెంట్ అనే సంపాదకుడు, ఆయన స్నేహితులు కలిసి బేస్‌బాల్ ఫాంటసీ లీగ్ పెట్టారు. వాళ్ళు కలుసుకునే రెస్టారెంటు పేరు లా రోటిస్సరీ ఫ్రాన్సేజ్. దాంతో లీగ్‌కి రోటిస్సరీ అనే పేరే స్థిరపడింది. ఓక్రెంట్ తన జట్టుకి "ఓక్రెంట్ ఫెనోకీస్" అని పెట్టుకున్నారు. అమెరికా దక్షిణాన ఓకెఫెనోకీ అనే పెద్ద చిత్తడి నేల ఉంది. దాన్ని తన ఇంటిపేరుతో అతికించారన్నమాట.

మన భాషలో ఇలాంటి ఆటకి కొదవే లేదు. పిల్లల పేరులో మొదటి అక్షరం పట్టుకోండి. చరణ్ చిరుతలు, మైత్రి మెరుపులు, పండు పిడుగులు. ఇంటిపేరు తోట అయితే తోట తూనీగలు. ఒకే అక్షరంతో మొదలైన రెండు మాటలు నోటికి ఇట్టే పడతాయి. ఆ జట్టు పేరుని పిల్లలు గట్టిగా అరిచి చూడాలి. అరవడానికి బాగుంటే పేరు కుదిరినట్టే.

3. చికాగో బుల్స్ పేరు వెనక ఒక పిల్లాడున్నాడు

1966లో చికాగోలో కొత్త బాస్కెట్‌బాల్ జట్టు పెట్టిన డిక్ క్లైన్, ఎద్దులతో పోరాడే యోధుల పేర్లు వెతుకుతూ మాటడోర్స్, టోరియడోర్స్ అని ఇంట్లో చదివి వినిపించారట. చిన్న కొడుకు ఆ పేర్లన్నీ ఉత్త "బుల్" అని కొట్టిపారేశాడు. ఇంగ్లీషులో ఆ మాటకి ఎద్దు అనీ, పనికిరాని కబురనీ రెండర్థాలు. తండ్రికి పేరు దొరికేసింది. పశువుల సంతలకీ మాంసం వ్యాపారానికీ పేరుమోసిన చికాగోకి అది అతికినట్టు సరిపోయింది. అదే ఏడాది గీసిన ఎర్ర ఎద్దు తల లోగో దాదాపు అలాగే నేటికీ ఉంది. పిల్లలు "ఛీ, ఇది బాలేదు" అన్నప్పుడు కసురుకోకుండా, ఎందుకు బాలేదో అడగండి. అసలు పేరు ఆ జవాబులోనే ఉండొచ్చు.

4. గ్రహానికీ రోవర్‌కీ పిల్లలే పేరు పెట్టారు

1930లో కొత్తగా కనిపెట్టిన ఖగోళ వస్తువుకి ప్లూటో అనే పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్‌లో ఉండే 11 ఏళ్ళ వెనీషియా బర్నీ. పొద్దున్నే తాతయ్య పేపరు చదివి వినిపిస్తుంటే ఆ పాపకి తట్టిన పేరది. తాతయ్య దాన్ని నవ్వి వదిలేయకుండా ఖగోళ శాస్త్రవేత్తల దాకా చేర్చారు. అంగారకుడి మీద తిరిగే నాసా రోవర్ క్యూరియాసిటీకి పేరు పెట్టింది కాన్సాస్‌కి చెందిన ఆరో తరగతి అమ్మాయి క్లారా మా. ఇంకో రోవర్ పర్సెవరెన్స్ పేరు వర్జీనియాలో ఏడో తరగతి చదివే అలెగ్జాండర్ మాథర్ ఇచ్చాడు. నాసా అంతటి సంస్థే పిల్లలని నమ్మి పేరు అడిగింది. ఇంట్లో ఆడుకునే జట్టు పేరు విషయంలో మనం నమ్మడానికి ఏం అడ్డు?

5. ఒలింపిక్స్ బొమ్మను బడిపిల్లలు గీశారు

2026 ఇటలీ శీతాకాల ఒలింపిక్స్ మస్కట్లు టీనా, మీలో. దేశంలోని బడిపిల్లలకి పోటీ పెడితే, దక్షిణాన కలాబ్రియాలోని తవెర్నా అనే చిన్న ఊరి బడి పిల్లలు ఇచ్చిన ఆలోచన జనం ఓట్లతో గెలిచింది. రెండూ స్టోట్ అనే చిన్న, చురుకైన జంతువులు. కోర్టీనా ఊరి పేరులోంచి టీనా, మిలానో నుంచి మీలో. పారాలింపిక్స్ మస్కట్ అయిన మీలోకి పుట్టుకతోనే ఒక కాలు లేదు. తోకని ఆసరా చేసుకుని నడుస్తాడు. ఆ వివరం దగ్గర ఒక్క క్షణం ఆగండి. పెద్దలు అందమైన బొమ్మ కోసం చూస్తారు. పిల్లలు ఆ బొమ్మకి ఒక కథ కూడా పెడతారు. మీ పిల్లల లోగోలో జంతువు గురించి కూడా అడగండి: దీని పేరేంటి? ఏం తింటుంది? దేనికి భయపడుతుంది?

6. ఓటు వేసింది రెండు లక్షల తరగతులు

టోక్యో 2020 ఒలింపిక్స్ మస్కట్ ఎంపికని జపాన్ ప్రాథమిక పాఠశాలల పిల్లలకే వదిలేశారు. మూడు జంటల బొమ్మలు చూపించి, ఒక్కో తరగతికి ఒక్కో ఓటు ఇచ్చారు. తరగతిలో అందరూ మాట్లాడుకుని ఒక మాట మీదికి వచ్చాకే ఆ ఓటు వెయ్యాలి. రెండు లక్షలకి పైగా తరగతులు పాల్గొని మిరైతోవా, సొమైటీలను గెలిపించాయి.

ఇంట్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కొట్టుకోకుండా ఉండాలంటే ఇదే దారి. పేరు చెప్పకుండా అందరూ తలో బొమ్మ గీసి గోడకి అంటించాలి. అమ్మమ్మ, తాతయ్యలతో సహా అందరూ చీటీల మీద ఓటెయ్యాలి. సొంత బొమ్మకి వెయ్యకూడదు. ఓడిన బొమ్మలోంచి ఒక్క అంశం, రంగో కన్నో తోకో, గెలిచిన దాంట్లో తప్పక కలపాలి. అప్పుడు ఆ లోగో అందరిదీ అవుతుంది.

7. డైనోసార్ అంటే వద్దనకండి

1993లో జురాసిక్ పార్క్ సినిమా వచ్చి పిల్లలకి డైనోసార్ల పిచ్చి పట్టించింది. మరుసటి ఏడాది టొరంటోలో కొత్త బాస్కెట్‌బాల్ జట్టుకి పేరు పెట్టే పోటీ జరిగితే రాప్టర్స్ అనే పేరు నిలిచింది. 1995లో బరిలో దిగినప్పుడు వాళ్ళ లోగోలో బూట్లు తొడుక్కుని బంతి ఆడే డైనోసార్ మొత్తంగా ఉండేది. ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చిన లోగోలో డైనోసార్ కనిపించదు. బంతి మీద గోళ్ళతో గీరిన గుర్తులు మాత్రం ఉంటాయి. ఆ గీతలు చూడగానే ఏం వచ్చి వెళ్ళిందో పిల్లలకి తెలిసిపోతుంది.

ఇదే పని పిల్లలతో చేయించండి. ముందు మొత్తం జంతువుని గీయమనండి. తర్వాత అందులో ఏ ఒక్క భాగం ఉంచితే దాన్ని గుర్తుపట్టొచ్చో అడగండి. ఏనుగుకి తొండం, నెమలికి ఈక, పులికి చారలు. పెద్ద డిజైనర్లు చేసే పనీ అదే.

8. నత్త లాంటి జీవి కూడా గర్వకారణమే

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంతాక్రజ్ విద్యార్థులు 1986లో ఓటింగ్ పెట్టి మరీ తమ క్రీడా జట్లకి "బనానా స్లగ్" అనే పేరు సాధించుకున్నారు. అది అక్కడి అడవుల్లో మెల్లగా పాకే, గుల్ల లేని పసుపుపచ్చ నత్త. టైర్ల తయారీకి పేరుపడ్డ ఏక్రన్ నగరంలో బేస్‌బాల్ జట్టు రబ్బర్ డక్స్. రాకెట్ల ఊరిగా పేరున్న హంట్స్‌విల్ పక్కన ఇంకో జట్టు పేరు ట్రాష్ పాండాస్. చెత్తడబ్బాలు వెతుక్కునే రకూన్ అనే జంతువు చెత్తడబ్బానే రాకెట్ చేసుకుని ఎగురుతుంది వాళ్ళ లోగోలో. అన్ని జట్లూ సింహాలే అయితే ఏ సింహం ఎవరిదో ఎలా తెలుస్తుంది? మీ పాప ఉడత అందంటే ఉడతనే ఉండనివ్వండి.

9. మన దగ్గర ఇంకా ఎవరూ వాడుకోని పేర్లు కొల్లలు

ఆంధ్రా ప్రీమియర్ లీగ్‌లో భీమవరం బుల్స్, కాకినాడ కింగ్స్, తుంగభద్ర వారియర్స్ లాంటి పేర్లు విన్నాం. కబడ్డీలో తెలుగు టైటాన్స్ ఉన్నారు. మొదటి మాట మనదే, పక్కన మాట మాత్రం ఇంగ్లీషుది. పిల్లల జట్టుకి రెండూ మనవే ఉండొచ్చు. ఒంగోలు గిత్తలు, కొల్లేరు గూడబాతులు, నల్లమల పులులు, పులికాట్ రాజహంసలు. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట. ఆంధ్రప్రదేశ్‌ది రామచిలుక, రాష్ట్ర జంతువు కృష్ణజింక.

వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది కలివికోడి. 1900 తర్వాత ఎవరి కంటా పడక అంతరించిపోయిందనుకున్న ఈ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించింది. దానికోసమే అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. రాత్రిపూట తిరుగుతుంది. పెద్ద కళ్ళు, పొడవాటి కాళ్ళు, రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టీలు. లోగోకి ఇంతకంటే ఏం కావాలి? ఒక గుండ్రం గీసి, లోపల పెద్ద కన్ను పెట్టి, కింద రెండు వంపు గీతలు లాగి, రెండు పుల్లల్లాంటి కాళ్ళు పెడితే ఐదేళ్ళ పాప కూడా పూర్తి చేసేస్తుంది. పోయిందనుకుంటే తిరిగొచ్చిన పక్షి జట్టుకి గుర్తుగా ఉంటే, వరసగా ఓడిపోయినప్పుడు పిల్లలకి చెప్పడానికి మంచి మాట కూడా దొరుకుతుంది.

10. అమ్మానాన్నల పని కూడా లోగో అవుతుంది

ఇంగ్లండ్‌లో ఆర్సెనల్ క్లబ్‌ను 1886లో మొదలుపెట్టింది వూలిచ్ ఆయుధ కర్మాగారం కార్మికులు. అందుకే వాళ్ళ గుర్తు ఫిరంగి. అమెరికాలో గ్రీన్ బే జట్టుకి 1919లో దుస్తుల డబ్బు ఇచ్చింది ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ. అందుకే వాళ్ళు ప్యాకర్స్ అయ్యారు. ఇంట్లో మగ్గం ఉంటే కండె, నాన్న ఆటో నడిపితే మూడు చక్రాలు, అమ్మ నర్సు అయితే స్టెతస్కోపు. పోచంపల్లి పిల్లలకి ఇక్కత్ గళ్ళు, కొండపల్లి పిల్లలకి చెక్కబొమ్మ ఉండనే ఉన్నాయి. అమ్మానాన్నలు చేసే పని గొప్పదని పిల్లలకి వేరే పాఠం చెప్పక్కర్లేదు.

11. జెండా లేకపోతే ఒక చెట్టు

వెస్టిండీస్ ఒక దేశం కాదు. చాలా దేశాలు కలిసి ఆడే జట్టు. ఎవరి జెండా వాడినా మిగతా వాళ్ళకి వెలితి. అందుకని చిన్న ద్వీపం, దాని మీద తాటిజాతి చెట్టు, పక్కన వికెట్లు గుర్తుగా పెట్టుకున్నారు. అందరికీ చెందినది ఏదో అదే వాళ్ళ లోగో. వేర్వేరు ఊళ్ళలో, దేశాల్లో ఉన్న మేనత్త పిల్లలు, పెద్దనాన్న పిల్లలు వీడియో కాల్‌లో కలిసి జట్టు పెట్టుకుంటే, వాళ్ళందరికీ ఉమ్మడిగా ఉన్నది వెతకమనండి. సెలవులకి అందరూ చేరే తాతయ్యగారి ఊరి చెరువో, ఇంటి ముందు వేపచెట్టో కావచ్చు.

12. గులాబీ రంగు వెలిసిపోతే నలుపు, తెలుపు వచ్చాయి

ఇటలీ క్లబ్ యువెంటస్ మొదట్లో గులాబీ చొక్కాలు వేసుకునేది. ఉతికిన కొద్దీ అవి వెలిసిపోతుంటే 1903లో ఇంగ్లండ్ నుంచి కొత్తవి తెప్పించారు. వచ్చినవి నాట్స్ కౌంటీ జట్టు నలుపు, తెలుపు చారల చొక్కాలు. వాటినే సొంతం చేసుకున్నారు. నలుపు పక్కన తెలుపు ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది. మధ్యయుగాల్లో యూరప్ యోధుల డాళ్ళ మీద కూడా ఇదే నియమం: పసుపు మీద తెలుపు వెయ్యకూడదు, ముదురు మీద ముదురు వెయ్యకూడదు.

లోగో పూర్తయ్యాక ఫోన్‌లో నలుపు, తెలుపు ఫొటో తీసి చూడండి. బొమ్మ కలిసిపోయి కనిపిస్తే రంగు మార్చాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని పిల్లలుంటారు, మగపిల్లల్లో ఎక్కువ. ఈ పరీక్ష వాళ్ళకీ మేలు చేస్తుంది.

13. ఆ గీతకి ఇచ్చింది 35 డాలర్లు

నైకీ సంస్థ గుర్తు 1971లో గీసింది పోర్ట్‌లాండ్‌లో చదువుకుంటున్న విద్యార్థిని కారొలిన్ డేవిడ్సన్. అప్పట్లో ఆమెకి ముట్టింది 35 డాలర్లు. తర్వాత సంస్థ ఆమెకి వాటాలూ ఇచ్చింది. ఒక్క ఊపులో లాగిన గీత అది. మీ పిల్లల లోగోని రూపాయి బిళ్ళంత చిన్నగా మళ్ళీ గీయమనండి. ఆ సైజులో ఏదైతే మిగులుతుందో అదే అసలు లోగో. మిగతాది అలంకారం.

14. ఒకరిని నొప్పించే పేరు నిలవదు

అమెరికాలో మూలవాసులని కించపరిచే పేరుతో దశాబ్దాలు నడిచిన వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు 2020లో ఆ పేరు వదిలేసి, 2022లో కమాండర్స్ అయింది. ఇండియన్స్ అనే క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టు, ఊళ్ళో వంతెన మీది భారీ విగ్రహాల పేరిట గార్డియన్స్‌గా మారింది. తీరా చూస్తే అదే ఊళ్ళో అదే పేరుతో స్కేటింగ్ జట్టు ఒకటి ఉంది. వ్యవహారం కోర్టుకెక్కి, చివరికి రాజీతో ముగిసింది.

పిల్లలకి రెండు నియమాలు చెప్పండి. ఎవరి కులాన్నీ, రంగునీ, ఒళ్ళునీ, మాట్లాడే యాసనీ వెక్కిరించే పేరు పెట్టకూడదు. పక్కింటి పిల్లలు ముందే పెట్టుకున్న పేరు లాక్కోకూడదు. ఈ రెండు విషయాల్లో మాత్రం పెద్దలు గట్టిగా నిలబడాలి.

15. గీసినవాడికి పేరు దక్కాలి

బాల్టిమోర్‌లో కన్నుమూసిన కవి ఎడ్గార్ అలన్ పో రాసిన ద రేవెన్ కవిత మీద అభిమానంతో, అక్కడి ఫుట్‌బాల్ జట్టుకి 1996లో రేవెన్స్ అనే పేరు అభిమానుల ఓట్లతో వచ్చింది. అయితే ఆ జట్టు మొదటి లోగో తను గీసి పంపినదేనని ఫ్రెడరిక్ బౌషా అనే సెక్యూరిటీ గార్డు కోర్టుకి వెళ్ళాడు. కాపీ జరిగిందని 1998లో జ్యూరీ తేల్చింది. జట్టు లోగో మార్చుకుంది. నెట్‌లో దొరికిన బొమ్మ దించుకోవడం, యాప్‌తో గీయించడం సులువే. కానీ అది మీ పిల్లలది కాదు. వంకర గీత అయినా వాళ్ళ చేతిది కావాలి. కింద మూల గీసినవాళ్ళ పేరు, తేదీ ఉండాలి.

16. డబ్బు లేకుండానే ఆట

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం దేశమంతటా వాటిని ఆపింది. పిల్లల ఆటలో రూపాయి మాట కూడా రాకూడదు. తలా 100 పాయింట్లు ఇచ్చి ఆటగాళ్ళని వేలం పెట్టండి. తర్వాత మ్యాచ్‌లో పరుగుకి 1, వికెట్‌కి 20, క్యాచ్‌కి 10, సున్నాకి ఔటైతే మైనస్ 5, కెప్టెన్‌కి రెట్టింపు. మీ కెప్టెన్ 47 పరుగులు చేసి ఒక క్యాచ్ పట్టాడనుకోండి. 57కి రెట్టింపు 114. ఈ లెక్క మూడో తరగతి పాప చేత వేయించండి, వేళ్ళు మడిచి మరీ వేస్తుంది.

17. పేరు మార్చుకున్నా తప్పులేదు

2009లో ఐపీఎల్ కప్పు గెలిచిన డెక్కన్ చార్జర్స్ పోయి, 2013లో సన్‌రైజర్స్ హైదరాబాద్ వచ్చింది. ఢిల్లీ డేర్‌డెవిల్స్ కాస్తా క్యాపిటల్స్ అయ్యింది. పుణె జట్టయితే 2017లో పేరు చివర ఒక్క "స్" తీసేసింది. మీ పిల్లలకి కూడా వచ్చే సీజన్‌కి ఉడత మీద మోజు తీరి గద్ద నచ్చొచ్చు. మార్చుకోనివ్వండి. పాత లోగో మాత్రం పారెయ్యకుండా ఒక ఫైల్లో దాచండి. నాలుగేళ్ళ బొమ్మలు వరసగా పెట్టి చూస్తే, వాళ్ళ చెయ్యి ఎంత కుదిరిందో, ఆలోచన ఎంత పదునెక్కిందో మార్కుల కార్డు కంటే బాగా తెలుస్తుంది. వచ్చే ఆదివారం ఒక డ్రాయింగ్ షీటు, స్కెచ్ పెన్నులు పిల్లల ముందు పెట్టి మీరూ పక్కన కూర్చోండి. పెన్ను మాత్రం వాళ్ళ చేతిలోనే ఉండనివ్వండి.